పాయకరావుపేట నుంచి వచ్చిన గిటార్

పాయకరావుపేట నుంచి వచ్చిన ఆ పెద్దాయన దుప్పట్లో చుట్టిన గిటార్‌తో మా ఇంటి మెట్లెక్కుతుండగానే నాకు అనుమానం వచ్చింది. వచ్చీరాగానే అడిగింది గ్లాసుడు మంచినీళ్లు కాదు, సంతకం.

నేను నర్సీపట్నంలో హైస్కూలు మాస్టర్ని. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. ఇది కాక నాకో పిచ్చి ఉంది. పొలాల మీద, రైళ్ల మీద పాటలు పాడి పేరు తెచ్చుకున్న అమెరికా కంట్రీ గాయకుడొకాయన ఏ పాటకి ఏ గిటార్ పట్టుకున్నాడో పాత ఫొటోలు, వీడియోలు చూసి జాబితా రాస్తుంటాను. గిటార్ తల ఆకారాన్ని బట్టి, ముందు పలక మీది గీరల్ని బట్టి పదకొండు గిటార్లు గుర్తుపట్టాను. ఆ జాబితాని ఫేస్‌బుక్‌లో పెట్టాను. పెద్దాయనకి దాన్ని వాళ్ల పాస్టరుగారు చూపించారట.

“ఇది ఆ పాటలాయన వాయించిందే, మాస్టారూ. ఆయన మా మిషను దొరగారికిచ్చేరు, దొరగారు మా చర్చికిచ్చేరు. అదే ఓ కాయితం మీద రాసీసి సంతకం పెట్టీండి, సాలు.”

“కాయితం ఎవరికండీ?”

“మీకెందుకండీ అది?”

ఎవరికో అంటగట్టడానికే అనుకున్నాను. రెండు రోజులు నా దగ్గరుంచితే చూసి చెబుతానన్నాను. ఆయన గిటార్‌ని ఒళ్లోకి లాక్కున్నారు.

“నా ఎదురుగానే సూడండి. మీరు మార్సీయరని ఏటి నమ్మకం?”

నేను ఆయన్ని అనుమానిస్తుంటే ఆయన నన్ను అనుమానిస్తున్నారు! ఒళ్లు మండింది. మా ఆవిడ ఇచ్చిన టీ కూడా ఆయన ముట్టుకోలేదు.

గాయకుడి ఫొటో ఒకటి ఫోన్లో తెరిచి పక్కన పెట్టాను. ఫొటోలోని గిటార్‌కి గుండ్రటి కన్నం కింద మూడు గీరలున్నాయి. ఈ గిటార్‌కీ సరిగ్గా అక్కడే మూడు. అదేనేమో అనుకున్నాను. మరుక్షణమే, ఇదే ఫొటో చూసి మేకుతో గీకి ఉంటారనిపించింది.

“ఈ గీరలెప్పటివండీ?”

“నా సిన్నప్పటివి.”

జవాబు మరీ తొందరగా వచ్చిందనిపించింది.

చెక్క సంగతి వడ్రంగికి తెలుస్తుందని, మా ఇంటి బీరువాలు చేసినతని కొట్టుకి బయల్దేరాం. బండి మీద మా ఇద్దరి మధ్యా గిటార్. దారిపొడవునా దాని తల నా వీపుకి గుచ్చుకుంటూనే ఉంది.

నేను రెండోసారి అడగలేకపోయిన ప్రశ్నని వడ్రంగి నేరుగా అడిగేశాడు. “కాయితం ఎందుకండీ పెద్దాయనా?”

పెద్దాయన గిటార్‌ని బల్ల మీద పెట్టారు. “మా చర్చి కమిటీవోళ్లు కొత్తది కొంటన్నారు. దీన్ని సామాన్ల గదిలో పడేత్తారంట. గొప్పోడిదంటే పడేయరు గదా.”

వడ్రంగి గీరల్ని గోటితో తడిమాడు. “పాతవే. లోపల్దాకా మురికి పట్టీసింది. ఈమధ్య గీసినవి కావు.” తర్వాత నా ఫోన్లోని ఫొటో చూసి, కన్నం అంచుని లైటు వేసి చూశాడు. “ఇది ప్లైవుడ్డు, మాస్టారూ. మూడు పొరలు కనిపిత్తన్నాయి సూడండి. మీ ఫొటోలోది ఒకటే పలక. చెక్క చారలు మజ్జన దగ్గరగా ఉన్నాయి, అంచుకెల్తే ఎడంగా ఉన్నాయి. దీనికలా లేవు. ఇది అది కాదు.”

పెద్దాయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశారు. “మీరిద్దరూ ముందే మాటాడీసుకున్నారేటి?”

“లేదండీ. గీరల విషయంలో మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాదే,” అన్నాను.

“నేను మిమ్మల్ని ఇంకా అనుమానిత్తనే ఉన్నాను,” అన్నారాయన, దుప్పటి చుట్టుకుంటూ. బస్టాండు దాకా దింపుతానంటే వద్దన్నారు. గిటార్‌ని భుజాన వేసుకుని ఎండలో నడిచి వెళ్లిపోయారు.

నేను కదలబోతుంటే వడ్రంగి ఫోనడిగి నా జాబితాలోని ఫొటోలు చూశాడు. “మీరు గీరలే సూత్తన్నారు, చారలు సూడరేటి? గీరలు ఎవుడైనా పెట్టగలడు.”

ఆ వారమంతా బడినుంచి రాగానే ఫొటోలు ముందేసుకుని చారలు పోల్చాను. ఒకటే గిటార్ అని రాసింది రెండని తేలింది. ఇంకో మూడు ఫొటోల్లో చారలు అసలు కనబడనే లేదు. వాటిని ఇన్నాళ్లూ ఏ ధైర్యంతో అంత ఖాయంగా రాశానో నాకే తెలియలేదు. ఆ మూడింటినీ కొట్టేసి, తప్పు రాశానని ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా పెట్టాను.