ఒక గుండీ, రెండు కాజాలు

లోకంలో దర్జీలందరూ ఒక గుండీకి ఒక కాజా కుడతారు. ఈ దర్జీ మాత్రం రెండు కుడతాడు. నడుము దగ్గర ఒకటి ఇప్పటికి, రెండోది ముందుముందుకి. పెళ్లికొడుకు ప్యాంటైనా అంతే, పోలీసు ప్యాంటైనా అంతే. ఇదేం చాదస్తమంటే, "మనిషన్నాక కలకాలం ఒక్క కొలతలోనే ఉండిపోతాడా?" అని ఎదురడుగుతాడు.

ఈ చాదస్తానికి మొదటి బలి అతని బావ. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. వెంట్రుకవాసి తేడా వస్తే అన్నం సయించని మనిషి. పాతికేళ్లుగా బామ్మర్ది కుట్టిన ప్యాంట్లే తొడుగుతున్నాడు గాని, రెండో కాజా మొహం చూడలేదు. పొట్ట ఏటేటా ముందుకు సాగుతున్నా, ఊపిరి బిగబట్టి గుండీని మొదటిదాంట్లోకే కుక్కేవాడు.

"రెండోది ఊరికే ఉంది బావా, పాపం."

"నా కొలత నాకు తెలుసు. నోర్ముయ్."

అలాంటి దర్జీ ఉన్నట్టుండి టెలిస్కోపు చేస్తానని కూర్చున్నాడు. అయిదడుగుల పొడుగున నలుపలకల చెక్క పెట్టె. అడుగున పళ్లెమంత అద్దం. అది ఆకాశపు వెలుగును పోగేసి పైకి పంపితే, మూతి దగ్గర వాలుగా నిలిచిన చిన్న అద్దం దాన్ని పక్కకు మళ్లించి, చిల్లులో ఉన్న కంటి గొట్టానికి అందిస్తుంది. లోపలంతా నల్ల మఖమలు. అదీ చేత్తో కుట్టిందే.

చిన్న అద్దం బిగించడానికి బావ వచ్చాడు. అద్దాల పని ఆయనదే కదా. వచ్చీరాగానే కళ్లెర్రజేశాడు.

"ఒరేయ్, కంటి గొట్టాలెన్ని?"

"ఒకటే."

"మరి చిల్లులు?"

"రెండు. పైన ఒకటి, పక్కన ఒకటి."

"నా నడుము చాలక ఆకాశానికి కూడా కాజాలు కోశావట్రా!"

పక్క చిల్లుకు మఖమలు మూత, దానికో గుండీ. కాజాలు లెక్కపెట్టుకున్నాడు బావ. రెండే.

బిగింపుకు మూడు సాయంత్రాలు పట్టింది. మూతికి అడ్డంగా నాలుగు సన్నని రేకులు, వాటి నడుమ ఒక బోల్టు, బోల్టు చివర ఏటవాలుగా కోసిన చెక్క, దానిమీద అద్దం. మూడంటే మూడు బొట్లు జిగురు పెట్టాడు బావ.

"గట్టిగా పూస్తే అద్దం బిగుసుకుని వంకరపోతుంది," అన్నాడు గొప్పగా.

"చూశావా, అద్దానిక్కూడా వదులు కావాలట!" అన్నాడు దర్జీ.

చిన్న అద్దం వెనకున్న మూడు మరలు తిప్పుతూ చిల్లులోంచి చూశాడు బావ. చిన్న అద్దంలో పెద్ద అద్దం, పెద్ద అద్దంలో మళ్లీ చిన్నది, అన్నిటి నడుమా తన సొంత కన్ను, బావి అడుగున చుక్కలాగా. వెయ్యి కళ్లజోళ్లు అమర్చిన మనిషికి ఒళ్లు జలదరించింది. లక్షల మైళ్లు నడిచొచ్చిన వెలుగు ఈ కాస్త అద్దం మీద మలుపు తిరగాలి!

ఇక కదలకూడదని బోల్టుకు జిగురు పూయబోయాడు. దర్జీ సీసా లాక్కున్నాడు.

"వద్దు బావా, అది తిరగాలి."

"దేనికి?"

"ముందుముందుకి."

బావ నిట్టూర్చాడు. ఆయన దిగులు వేరు. ఆయన భార్య, అంటే దర్జీకి సొంత అక్క, మెట్ల మీంచి పడి ఆరు నెలలైంది. చక్రాల కుర్చీ దిగలేదు. చిన్నప్పటినుంచీ చంద్రుడి బొమ్మలు పేపర్లోంచి కత్తిరించి దాచుకున్న మనిషి. ఇద్దరం ఎత్తి చూపిస్తామంటే, "మూటలా మోస్తే చూడను గాక చూడను," అని తేల్చేసింది.

ఆ సాయంత్రం ఇళ్ల కప్పుల మీద అర్ధచంద్రుడు నిలిచాడు. పెట్టెను బావ ఇంటి ముందు నిలబెట్టగానే వీధివీధంతా వరస కట్టి, పై చిల్లులోకి వంగి చూసి వెనక్కి వెళ్లింది. అక్క గుమ్మంలోనే ఉండిపోయింది.

అప్పుడు దర్జీ మూత గుండీ విప్పాడు. కంటి గొట్టాన్ని పక్క చిల్లులోకి మార్చాడు. చిన్న అద్దం అటు మళ్లేలా బోల్టును పావు చుట్టు తిప్పి, రేకుకు తాను గుర్తుగా కట్టుకున్న తెల్లదారం దగ్గర ఆపాడు.

"బావా, ఇక నీ కన్ను కావాలి."

బావకు అప్పుడు తట్టింది. మరలు సరిచేశాడు. కుర్చీ తోసుకొచ్చారు. గొట్టం సరిగ్గా ఆవిడ కంటి ఎదుట నిలిచింది. మెడ వంచే పని లేదు, నిక్కే పని లేదు.

"నా కన్ను ఎత్తు ఎప్పుడు కొలిచావురా?" అంది అక్క.

"పోయిన నెల జాకెట్టుకి కొలత తీశానుగా. నేల నుంచి కంటిదాకా టేపెందుకురా వెధవా అని తిట్టావు కూడాను."

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. "గుంటలు... అంచున వెలుగులు... ఎంత దూరంరా?"

"రెండు లక్షల మైళ్ల పైచిలుకు."

"మరి నా ఒళ్లోకెలా వచ్చింది?"

కళ్లు తుడుచుకుని ఆవిడ మొగుణ్ణి పిలిచింది. "మీరూ రండి. అలా కాదు, మోకాళ్ల మీద కూర్చోవాలి."

కూర్చున్నాడు. పొట్ట నొక్కుకుంది. ఊపిరి బిగబడితే చంద్రుడు కంటికి ఆనడం లేదు. అటూ ఇటూ చూసి, ఆయన మెల్లగా గుండీని రెండో కాజాలోకి మార్చుకున్నాడు. పాతికేళ్ల ఊపిరి ఒక్కసారి వదిలి, కన్ను ఆనించాడు.

బామ్మర్ది మాత్రం చంద్రుణ్ణే చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.