గోడ వైపు తిరిగి చెప్పిన మాట

మా మేనత్తతో పోట్లాడి గెలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు. మాటల్లో తను వెనకబడుతున్నానని అనిపించిందా, చటుక్కున గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఇక మనం ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సామెత బాగుందని వాడటం లేదు, ఆవిడకు నిజంగానే వినపడదు. మన పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. అందుకే ముఖం తిప్పుకుందంటే తలుపు వేసి గడియ పెట్టేసుకుందన్నమాటే.

ఆ చెవులను తిన్నది మరమగ్గాల షెడ్డు. నాన్న పోయాక నేను పెరిగింది ఆ షెడ్డు జీతంతోనే గనుక దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. చిన్నప్పుడు సెలవులకు అత్త వెంట వెళ్లేదాన్ని. గుమ్మంలో కాలు పెట్టగానే ఆ చప్పుడు పళ్లలోకి దిగేది. పక్కన నిలబడి గొంతు చించుకున్నా మాట చేరదు. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతు వాడటమే మానేశారు. పెదాలు సాగదీసి, ఊపిరి తప్ప ఏమీ బయటికి రాకుండా, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కబుర్లు చెప్పుకొనేవాళ్లు. కూర మాడిన సంగతి, మొగుడు అలిగిన సంగతి, మేస్త్రీ నడక మీద వెక్కిరింపు, అన్నీ అలాగే. ఎవరినైనా పిలవాలంటే వెళ్లి భుజం మీద రెండుసార్లు తట్టాలి. అది షెడ్డు మర్యాద.

ఆ కబుర్లలో అత్తకు జోడీ బొంగరం పిన్ని. మగ్గాల మధ్య కాలు నిలవకుండా తిరుగుతుందని షెడ్డు వాళ్లు పెట్టిన పేరు అది. ఇద్దరివీ పక్కపక్క మగ్గాలు. నవ్వితే ఇద్దరూ ఒకేసారి నవ్వేవాళ్లు, ఎందుకు నవ్వారో మూడోవాళ్లకు తెలిసేది కాదు.

ఆరేళ్ల కిందట ఇద్దరికీ చెడింది. మగ్గం లయ తప్పితే పనిచేసేవాళ్లకు ఆ హోరులో కూడా తేడా తెలుస్తుందట. ఆ రోజు అత్త మగ్గం లయ తప్పింది, అత్తకు తెలియలేదు. పక్క మగ్గం దగ్గరున్న పిన్నికి తెలిసింది. చెయ్యి పట్టుకుని అత్తను ఇవతలకు లాగేసింది. నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే ఇనుప మొనల నాడె మగ్గంలోంచి ఎగిరి, అత్త తల ఉండాల్సిన చోటు మీదుగా వెళ్లి కిటికీ అద్దం పగలగొట్టింది. ఇంతవరకు బాగానే ఉంది. మర్నాడు పిన్ని మేస్త్రీ దగ్గరకు వెళ్లి, "దానికి చెవులు పూర్తిగా పోయాయండీ, మగ్గం మీద ఉంచకండి" అని చెప్పింది. షెడ్డులో రహస్యమెక్కడిది? అంత దూరం నుంచీ అత్త ఆ పెదాలు చదివేసింది.

అత్తను బట్టలు మడిచే గదిలోకి మార్చారు. అక్కడ చప్పుడు లేదు, పెదాల కబుర్లూ లేవు. ఆ గదిలో వాళ్లంతా గొంతుతో మాట్లాడుకొనేవాళ్లు. అప్పటి నుంచి పిన్ని ఎదురుపడితే చాలు, అత్త ముఖం తిప్పుకొనేది. పాపం పిన్ని ఏం చెప్పుకోవాలన్నా ముందు ఆ ముఖం ఇటు తిరగాలి కదా. తిరగలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టే మనిషి మా అత్త.

ఈ ఏడాది పని మానేసి ఇంట్లో కూర్చుంది. మొదట్లో నన్ను బాగానే సతాయించింది. అన్నం మెత్తగా ఉడకలేదంది, చీపురు పట్టుకోవడం రాదంది. రానురాను అదీ తగ్గిపోయింది. గోడ వైపు తిరిగి కూర్చుని పెదాలు కదుపుకొనేది, ఎవరికో తెలియదు. నేనేమో మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" అని అడగడం తప్ప ఆవిడ భాషలో ఒక్క కబురు చెప్పలేను. తిట్టడం పూర్తిగా మానేసిన రోజు నాకు భయం వేసింది. ఈ మనిషి ఇలాగే మాట లేక ఎండిపోతుందేమోనని ఏడుపు వచ్చింది.

పిన్ని కోడలు మా షాపుకే వస్తుంది, తన అత్తగారి చెవి మిషనుకు బ్యాటరీలు కొనడానికి.

"మా ఇంట్లోనూ అంతేనండీ. టీవీకి చెబుతుంది కబుర్లు. మీ అత్తయ్య పేరెత్తితే కళ్లు తుడుచుకుంటుంది" అంది.

"ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేద్దామా?" అన్నాను.

"గదెందుకండీ, రైలుంది కదా" అంది, మా షాపు తలుపు మీద అంటించిన కాగితం చూపిస్తూ. పాత ఆవిరి ఇంజను లాగే విహార రైలు. శనివారం వెళ్లి ఆదివారం రావడం, కొండ మీద ఎన్నో వందల ఏళ్ల నాటి రాతి ఊరు చూపించడం. నాకంటే గడుసుది ఆ కోడలు.

అత్తను ఒప్పించడానికి నా తాతలు దిగొచ్చారు. చివరికి స్టేషనులో ఇంజను చూశాక గానీ మెత్తబడలేదు. నల్లగా, ఇంటి ఎత్తున, పక్కల నుంచి ఆవిరి వదులుతూ నిలబడి ఉంది. అత్త చెప్పులు విప్పేసి వట్టికాళ్లతో ప్లాట్‌ఫారం మీద నిలబడింది.

"వస్తోందే పిల్లా, అరికాళ్లలోకి వస్తోంది. షెడ్డులాగే ఉంది" అంది. అత్త నోరు విప్పితే ఊరంతటికీ వినపడుతుంది, తన గొంతు తనకు తెలియదు గనుక. ప్లాట్‌ఫారం మొత్తం మా వైపు చూసింది. నేను సిగ్గుపడలేదు. ఎన్నాళ్లకో ఆ ముఖంలో వెలుగు చూసిన సంతోషంలో ఉన్నాను.

పెట్టెలో మా ఎదుటి బల్ల మీదకు పిన్ని, కోడలు వచ్చి కూర్చోగానే ఆ వెలుగు ఆరిపోయింది. అత్త కిటికీ వైపు తిరిగింది. దారిలో పొడవాటి సొరంగం వచ్చింది. పాత పెట్టెలు కదా, దీపాలు లేవు, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వెలుగులోకి వచ్చాక చూస్తే అత్త అలాగే ఉంది. పిన్ని ఎదుట కూర్చుని ఒలిచిన నారింజ పండు చేతిలోనే పట్టుకుని ఉంది, ఎవరికీ ఇవ్వలేదు, తినలేదు.

సాయంత్రం బసలో అత్త నన్ను నిలదీసింది. "దాన్ని నువ్వే పిలిచావు కదూ?" పక్క గదిలో ఉన్న పిన్నికి ఈ మాట వినడానికి మిషను కూడా అక్కర్లేదు.

"అవును, పిలిచాను. ఏం చేస్తావు?" అన్నాను పెదాలు సాగదీసి.

గోడ వైపు తిరిగింది. నేను దుప్పటి ముసుగేసుకున్నాను. 

మర్నాడు పొద్దున ఊరు చూపించారు. నేను ఇలాంటివాటికి పెద్దగా చలించే మనిషిని కాను. పాత రాళ్లంటే పాత రాళ్లే కదా అనుకుంటూ బయలుదేరాను. కానీ ఆ వీధిలో బండి చక్రాలు తొలిచిన చాళ్లు చూశాను, పిడికిలంత లోతు. ఒక ఇంటి గడప మధ్యలో అరిగి పల్లెంలా గుంట పడింది. ఎంతమంది దాటితే రాయి అలా అరుగుతుంది? వాళ్లందరూ పనికి పోయి, తిరిగొచ్చి, పోట్లాడుకుని, తిని పడుకున్నవాళ్లే కదా.  అత్త వంగి ఆ గుంటలో అరచెయ్యి పెట్టింది. లేచి వెంటనే పక్కకు తిరిగింది, ఎవరితోనో చెప్పబోతున్నట్టు. పక్కన నేనున్నాను. నన్ను చూసి ఊరుకుంది.

ఊరి చివర గుండ్రటి మందిరం ఉంది. పాతకాలంలో ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చిన చోటట. లోపలికి వెళ్లి తలెత్తాను. స్తంభం లేదు, దూలం లేదు. రాతి మీద రాయి పేర్చుకుంటూ పోయి పైన ఆకాశమంత గోపురం మూసేశారు. నడినెత్తిన కంతలోంచి ఎండ ఒక్క ధారలా నేల మీదకు దిగుతోంది. మాతో వచ్చిన పిల్లలు కూడా అల్లరి మానేశారు. అత్త ఎంతసేపో అలా తల పైకెత్తే ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తల దించేసరికి ఎండ ధారకు అవతల పిన్ని కనిపించింది. మామూలే, అత్త గోడ వైపు తిరిగిపోయింది. ఆవిడను అక్కడే వదిలేసి నేను విసురుగా అవతలి గోడ దగ్గరకు, పిన్ని పక్కకు వెళ్లాను.

"పద పిన్నీ, ఈ జన్మకు ఇంతే" అందామనుకున్నాను. అనలేదు. నా చెవి పక్కన గోడలోంచి ఎవరో మాట్లాడారు.

"ఇంత పెద్ద గది నేనెప్పుడూ చూళ్లేదే."

ఉలిక్కిపడి చూశాను. పిన్ని తప్ప పక్కన ఎవరూ లేరు. పిన్ని చెవి మిషను మీద చెయ్యి వేసుకుని రాయిలా నిలబడిపోయింది.

"మన షెడ్డు లాంటివి నాలుగు పడతాయి ఇందులో. పైన చూశావా, ఎలా నిలబెట్టారో. నాకు చెవులు పోయాయని నాకే చెప్పొచ్చుగా, ఆ మేస్త్రీగాడికెందుకే చెప్పావు? నీతో చెప్పకపోతే ఏం చూసినా చూసినట్టు లేదే నాకు."

ఎదురుగా, అంత దూరాన, అత్త మాకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి ఉంది. షెడ్డులో నేర్చిన మాట, చప్పుడు రాదనే ఆవిడ నమ్మకం. ముప్పై ఏళ్ల హోరులో ఆ మాటకు గొంతుందో లేదో ఎవరు చూశారు? ఉంది. సన్నగా, మెత్తగా, పదహారేళ్ల పిల్ల గొంతులా ఉంది. గుండ్రటి గోడ ఆ ఊపిరిని ఎక్కడా కింద పడనివ్వకుండా మోసుకొచ్చి మా చెవిలో పెట్టింది. ఇన్నాళ్లూ ఇంట్లో గోడకు చెప్పుకున్నదీ ఇదేనేమో. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి అసలు గొంతు నేను మొదటిసారి విన్నాను. ఆ రాయికే ఆనుకుని నిలబడ్డాను.

పిన్ని నడిచింది. బొంగరమని పేరే గానీ, అంత మెల్లగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. వెళ్లి అత్త భుజం మీద రెండుసార్లు తట్టింది.

షెడ్డు మర్యాద కదా. అలవాటు కొద్దీ అత్త తిరిగింది. తిరిగాక చూసింది ఎవరో.

పిన్ని గోడ వైపు చూపించి, తన చెవి చూపించి, పెదాలు సాగదీసింది. ఆ మాటలు నేను కూడా చదవగలిగాను.

"అంతా విన్నాను. నీకు చెబితే పని మానేదానివా మొండిదానా? నువ్వు చచ్చిపోతావని భయమేసింది నాకు."

అత్త గోడను చూసింది, పిన్నిని చూసింది. మళ్లీ తిరిగిపోతుందేమో అనుకున్నాను. తిరగలేదు. తనే పిన్ని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి గోపురం చూపించింది, ముందు అది చూడవే అన్నట్టు.

తిరుగు రైలులో ఎదురెదురుగా కూర్చుని ఆరేళ్ల కబుర్లూ మొదలుపెట్టారు. ఒక్క చప్పుడు లేదు, ఇద్దరి మూతులూ తీరిక లేకుండా ఆడుతున్నాయి. మధ్యమధ్య నన్నూ, కోడలినీ చూసి నవ్వుకున్నారు. మా గురించి ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి. కోడలు నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు.

రైలు సొరంగంలో దూరింది. చీకట్లో పెదాలు కనపడవు కదా, కబురు సగంలో తెగింది. అత్త భుజం నా భుజానికి ఆని ఉంది. చక్రాల మోతలో, నా చెవి పక్కనే, ఆ సన్నటి గొంతు మళ్లీ వినిపించింది.

"ఒసే, ఉన్నావా?"

అత్త భుజం మీద రెండుసార్లు తట్టిన తట్టు నా భుజానికి కూడా తగిలింది.