మూత మీద నిప్పులు

మొన్న ఆదివారం మా మనవరాలు ఇంట్లో బ్రౌనీలు చేసింది. నేను ఓవెన్ ముందు నిలబడటం, పోయి కుర్చీలో కూర్చోవడం, మళ్ళీ లేచి వచ్చి అద్దంలోంచి తొంగిచూడటం కాసేపు సహించి, అయిపోతే అదే గంట కొడుతుంది, కాపలా ఉండనక్కర్లేదు తాతా అని నన్ను మర్యాదగా వంటింట్లోంచి సాగనంపింది. తన తప్పేమీ లేదు. చాక్లెట్ కాలే వాసన తగిలితే కుదురుగా కూర్చోలేని జబ్బు నాకు నారాయణఖేడ్‌లో, చాక్లెట్ అంటే ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియని కాలంలో పట్టుకుంది.

నిజాం సర్కారు రోజులవి. పెద్ద యుద్ధం నడుస్తోంది, చక్కెర కంట్రోలులో ఉంది. నేను హైదరాబాదులో కాలేజీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. చదివేది చరిత్ర, నేర్చుకున్నది మాత్రం మా అధ్యాపకుడి భార్య చేసే నల్ల కేకు, ఆమె చేస్తుంటే చూసినంత శ్రద్ధగా నేను ఏ పాఠమూ వినలేదు. ఆమె ఇచ్చిన కోకో పొడి డబ్బా ఒకటి వెంట తెచ్చుకుని, దిగిన సాయంత్రమే మా అక్క ముందు నా పాండిత్యం కాస్త ప్రదర్శించాను.

అక్క అప్పుడు ఏడో నెల కడుపుతో పుట్టింట్లో ఉంది. అంతకు ముందు కాన్పుకూ ఇలాగే వచ్చి, జొన్న కోతలకు మనుషులు చాలడం లేదని అత్తగారు కబురంపితే, మనూర్ వైపున్న అత్తవారింటికి బండిలో తిరిగి వెళ్ళింది. ఆ గతుకుల దారిలోనే నొప్పులు వచ్చాయి, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తకుండానే అందరికీ గుర్తుండేది.

మర్నాడు పొద్దున బావ సవారీ బండి కట్టుకుని దిగాడు. మళ్ళీ జొన్న కోతలే, మళ్ళీ అత్తగారి కబురే. బావ చెడ్డవాడు కాడు. తల్లి మాటకు అడ్డం చెప్పే విద్య ఆయనకు అబ్బలేదు, అంతే. అల్లుడు పంపమంటే పంపనని చెప్పే విద్య మా నాయనకూ అబ్బలేదు గనుక, ఆయన వాకిట్లో చుట్ట వెలిగించి ఎద్దుల పళ్ళ గురించి మాట్లాడసాగాడు. అమ్మ అల్లుడి ఎదుట పడకుండా తలుపు చాటున నిలబడింది. మూటలు కట్టడం మొదలైంది. అప్పుడు అక్క గడప మీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అంది.

“తమ్ముడు గా నల్ల కేకు చేస్తనన్నడు. గది తినకుంట నేను బండెక్క.”

కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే కాదనే ధైర్యం ఆ రోజుల్లో తహసీల్దారుకు కూడా లేదు. బావ ఎద్దులను విప్పాడు. భోజనాల వేళకు అయిపోతుందని నేను మాట ఇచ్చాను, మనస్ఫూర్తిగానే ఇచ్చాను. గోధుమపిండిని పలుచటి గుడ్డలో జల్లించి, చక్కెర లేదు గనుక బెల్లం కరిగించి, ఇంటి వెన్న, గుడ్లు, కోకో కలిపి సత్తు గిన్నెలో పోశాను. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గంజు పెట్టి, అడుగున ఇసుక పరిచి, అందులో ఆ గిన్నె దించి, మూత వేసి, పైనుంచి కూడా సెగ తగలాలి గనుక మూత మీద నిప్పులు పేర్చాను.

“పట్నంల గింత చదివి ఆఖరికి పిడక కాలుస్తున్నవా ర?” అన్నాడు బావ.

భోజనాలయ్యాయి. మూత తీస్తే పిండి పిండిలాగే ఉంది. నిప్పులు మళ్ళీ పేర్చి అటు వెళ్ళి వచ్చేసరికి సగం మాయం. బావ బండి దగ్గరికి పోయేవాడు, ఎద్దుల మెడ నిమిరేవాడు, ఎండను చూసేవాడు, తిరిగి వచ్చి నన్ను చూసేవాడు. ఆయన లేస్తే నాకు కంగారు, నేను లేస్తే ఆయనకు కంగారు. నాయన ఆ పూట మామూలు కన్నా చాలా చుట్టలు కాల్చాడు, వెలిగించడానికి ప్రతిసారీ మూత మీది నిప్పే ఎత్తుకుపోయాడు. అగ్గిపెట్టె ఆయన రొంటినే ఉంది. అమ్మ పాలు కాచాలంటూ పట్కారుతో ఇంకొన్ని తీసుకుపోయింది. పాలు పొద్దున్నే కాగి ఉన్నాయి.

చరిత్ర విద్యార్థిని గనుక, జరుగుతున్నదేమిటో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. కడుపుతో ఉన్నదాన్ని దీపాల వేళ దాటితే ఎవరూ పొలిమేర దాటించరు. అంతదాకా ఈ గిన్నె కాలకూడదు. అక్క వైపు చూశాను. గోడకు ఆనుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, రెప్ప వేయకుండా పొయ్యినే చూస్తోంది. నేను కట్టెలు ముందుకు తోయడం మానేశాను.

“ఇంకెంత సేపు ర?” బావ గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

అల్లుడితో నేరుగా మాట్లాడని అమ్మ, తలుపు చాటునుంచి నాకు చెప్పింది. “జర కూసోమను బావను. పొయ్యి మీదిది ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న?”

బావ కూర్చోలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి పట్కారు అందుకున్నాడు. అంతా బయటపడిందనుకుని పక్కకు జరిగాను. ఆయన మూత మీద మిగిలిన నిప్పులను కాసేపు చూసి, వాటిలో పెద్దవి రెండు ఏరి తీసి, బూడిదలో కప్పెట్టాడు. నా వైపు చూడలేదు. ఆ తర్వాత వాకిట్లో నాయనకు వినపడేలా గొంతు పెంచాడు.

“ఏం పొయ్యి ర గిది, రేపటికి గూడ కాలేటట్టు లేదు. పొద్దు వాలె. ఇగ గీ యాళ్ల ఆమెను బండెక్కిస్తే మా అవ్వ నన్నే తిడ్తది. కాన్పయినంకనే తోల్కపోత తీయ్.”

“గట్లనే కానీయ్ బిడ్డ,” అన్నాడు నాయన, మరీ తొందరపడ్డట్టు కనిపించకుండా.

అంచుల్లో గట్టిగా, నడుమ జారుడుగా ఉన్న ఆ పదార్థాన్ని అందరం చెంచాలతో తిన్నాం. పిడకే నయమంటూ ఎక్కువ తిన్నది బావే. మర్నాడు ఒక్కడే బండి తోలుకుని వెళ్ళాడు. నెలలు నిండాక అక్కకు మా ఇంట్లోనే కూతురు పుట్టింది, గట్టిగా ఏడ్చింది.

బావతో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఎన్నో విషయాలు మాట్లాడాను గానీ, ఆ రెండు నిప్పుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామన్నా ఆనాటివాళ్ళు ఎవరూ లేరు. ఈ కాలంలో ఎవరికి ఏది ఇష్టం లేకపోయినా ఆ ముక్క మొహం మీదే చెప్పేస్తారు, వ్యవహారం అంతటితో ముగుస్తుంది. అక్కకు ఆ వెసులుబాటు ఉండి ఉంటే మొదటి బిడ్డా బతికేదేమో. కాబట్టి పాత రోజులే మేలనే సాహసం నేను చేయను. కాకపోతే ఒక మనిషిని ఉంచుకోవడానికి ఇంటిల్లిపాదీ, ఒకరికొకరు చెప్పుకోకుండా, పూటంతా కాలు కాలిన పిల్లుల్లా తిరిగే పని ఇప్పుడెవరికీ పడటం లేదు. ఎవరింటికైనా వెళ్ళి, ఇక బయలుదేరతానంటే, మంచిది, జాగ్రత్తగా వెళ్ళిరండి అంటారు. నేను చెప్పులు వెతుక్కోవడంలో కాస్త ఆలస్యం చేస్తాను.