ఉగ్గుగిన్నె భోజనం

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని రాజ్యశ్రీ పటమటలోని ఇంటికొచ్చింది. ఆసుపత్రివాళ్లిచ్చిన ఆహారం చీటీ పట్టుకుని భర్త మల్లేశ్వరరావు మిల్లీలీటర్లు లెక్కపెడుతుంటే, ఆమె లాక్కుని చదివింది. ముందు పలచటి కట్టు, తరవాత మెత్తగా మెదిపినవి, అదీ కొంచెం కొంచెం. ఇద్దరు బిడ్డల్ని పెంచిన చేతికి ఇది కొత్తా? బీరువాలోంచి పిల్లల వెండి ఉగ్గుగిన్నె తీసింది. ఆ రోజు నుంచి పూటకి ఆ గిన్నెడే.

నెల తరవాత చల్లపల్లి పెళ్లిలో ఆడపడుచు గారెల పళ్లెంతో మీదికొచ్చింది.

"ఒక్కటేగా వదినా, మొహమాటపడకు!"

రాజ్యశ్రీ విస్తరికి చెయ్యి అడ్డంపెట్టి, బంతి మొత్తానికీ వినపడేలా అంది:

"మొహమాటమేం కాదమ్మా. నా పొట్టకి నిన్నటికి నెల నిండింది. అన్నప్రాసన కూడా కాకుండానే గారెలు పెడతారా ఎవరన్నా?"