వెన్ను చూపనివ్వని తల్లి

మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైన ఏడాది నన్ను అక్కడి సర్కారు దవాఖానకు పిల్లల డాక్టరుగా వేశారు. హోదా సివిల్ సర్జన్. పని మాత్రం పొద్దుటి ఓపీలో జ్వరాలూ విరేచనాలూ చూడటమే. ఆ వానాకాలంలో పాపన్నపేట వైపు నుంచి ఒక రైతు, అతని భార్య తమ ఎనిమిదేళ్ల కూతురిని తీసుకొచ్చారు. పిల్ల ఎడమ కాలు ఈడుస్తోంది.

"మా ఊరి ఆర్ఎంపీ సూది ఇచ్చినంకనే గిట్లయింది మేడమ్. జర కాయితం మీద రాసియ్యుండ్రి, వాని సంగతి నేను చూస్త" అన్నాడు తండ్రి.

తుంటి మీద తప్పుచోట ఇచ్చిన సూది నరాన్ని దెబ్బతీయడం చాలాసార్లు చూశాను. నాకూ మొదటి అనుమానం ఆర్ఎంపీ మీదే. కానీ పాదాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమది చిన్నది, పిక్క కూడా సన్నం. వారం కిందటి సూదికి పాదం ఎదుగుదల ఆగదు. వెన్నులో నరాలు దెబ్బతింటే మూత్రం మీద కూడా పట్టు పోతుంది కాబట్టి, పక్క తడుపుతుందా అని అడిగాను. తల్లి పిల్లను తన వైపుకు లాక్కుంది.

వెన్నులోంచి బయటికొచ్చే నరాల మొదళ్లు నొక్కుకుని కాలు బలహీనపడితే పెద్దవాళ్లలో సాధారణంగా డిస్కు జారిందంటాం. పిల్లల్లో అది అరుదు. దెబ్బ, వెన్నెముకకు పట్టిన క్షయ, గడ్డ, పుట్టుకతో వచ్చిన లోపం, వీటిని ముందు వెతకాలి. అందుకే గౌను పైకెత్తమన్నాను. తల్లి అంచు గట్టిగా పట్టుకుంది.

"కాలు జూడుండ్రి మేడమ్. ఈపుల ఏం లేదు."

నాకు ఒళ్లు మండింది. పిల్లను ఇంట్లోనే కొట్టి, నేరం ఆర్ఎంపీ మీదకు తోస్తున్నారనుకున్నాను. తండ్రిని బయటికి పంపి, చూపించకపోతే పోలీసులకు చెప్పాల్సి వస్తుందన్నాను. అప్పుడు వదిలింది.

దెబ్బ ఒక్కటీ లేదు. నడుము కింద, వెన్ను మధ్యన, వెంట్రుకల కుచ్చు. దాని అడుగున మెత్తటి ఉబ్బు.

"పుట్టినప్పటి సంది ఉన్నది. ఆడపిల్ల, రేపు ఎవరు చేసుకుంటరని మా అత్త ఎవ్వలకు చూపనియ్యలే" అని ఏడ్చింది. తండ్రికీ తెలుసు. కాలికీ దానికీ ముడిపెట్టాలని అతనికి తోచలేదంతే.

హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీశారు. వెన్నుపాము చివర కొవ్వుగడ్డకు అతుక్కుని ఉంది. పిల్ల ఎదిగేకొద్దీ వెన్నుపామూ, నరాలూ సాగి బిగుసుకుంటున్నాయి. ఆపరేషన్‌తో జబ్బు ముదరడం ఆగింది. పోయిన బలం రాలేదు.

తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు తల్లి అడిగింది, చిన్నప్పుడే చూపిస్తే కాలు మంచిగుండునా అని. చాలావరకు ఉండేదని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేదు.

పిల్లల కాలు బలహీనమైతే వెన్ను చూడనిదే కారణం రాయకూడదు. ఇంటివాళ్లు ఏదో దాస్తున్నారని అనుమానించడం డాక్టరు పనే. కానీ దాచేవాళ్లంతా నేరం చేసినవాళ్లు కారు. భయపడి దాచినా పిల్లకు నష్టం అంతే జరుగుతుంది.