బానెట్ మీద ఉండనిచ్చిన గీత

కార్ల పాలిష్ మిషన్‌కి తగిలించే కొత్త ఫోమ్ ప్యాడ్ల పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. కొత్త చెప్పుల వాసనా కాదు, కొత్త పరుపు వాసనా కాదు, ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. నిన్న పొద్దున నెల్లూరులో మా షెడ్డుకి పార్సిల్ వస్తే, ఎప్పటిలాగే ఒక్కో ప్యాడ్ తీసి చెంపకి ఆనించి నొక్కి చూసుకుంటున్నాను. కారు పాలిష్‌కి తెచ్చిన ఒకాయన వింతగా చూసి, "ఏంది సామీ, దిండు కొంటుండావా?" అన్నాడు. నవ్వి ఇంకో ప్యాడ్ తీశాను. ఆ అలవాటు నాది కాదు, పెంచలమ్మక్కది. ఆమె దగ్గర పనిచేసినవాళ్ళకీ, ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళకీ తప్ప ఆమె ఎవరికీ పెద్దగా తెలియదు. ఈ రెండు జాబితాల్లోనూ నేనున్నాను కాబట్టి ఆమె గురించి రాసే హక్కు నాకుందనే అనుకుంటాను.

నాది విడవలూరు అవతల సముద్రపు ఒడ్డున ఊరు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి కూడా నాకు సముద్రం పడేది కాదు. బోటు ఒడ్డు దాటకముందే పొద్దున తిన్నదంతా బయటికి వచ్చేది. మా నాన్న కొన్నాళ్ళు ఓపిక పట్టి, "నువ్వు నేల మీదే బతుకు నాయనా" అని వదిలేశాడు. చెన్నైలో ఒక కార్ల పాలిష్ షెడ్డులో పని నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక నెల్లూరు తిరిగొచ్చి పెంచలమ్మక్క షెడ్డులో చేరాను. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు మొదలైన ఆమె మాట సాయంత్రం షట్టర్ దించేదాకా ఆగేది కాదు. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకునేది. ఆ చొక్కాకి గుండీలుండవు. వంగినప్పుడు గుండీ తగిలితే కారు మీద గీత పడుతుందని అన్నీ కోసేసి నాడాలు కుట్టుకుంది. గాజుల మీద మెత్తటి గుడ్డ చుట్టుకునేది. ఈ పనిలోకి ఎలా వచ్చావక్కా అని అడిగితే, "మా ఆయన మిషన్ కొన్నాడు. రెండు కార్లు రుద్ది విసుగొచ్చి లారీ ఎక్కినాడు. మిషన్ నాకు మిగిలింది, ఆయనకి లారీ మిగిలింది" అనేది.

చేరిన కొత్తలో నేను గొప్ప పని చేస్తున్నాననుకుని ప్యాడ్లన్నీ రంగుల వారీగా అరల్లో సర్దాను. చెన్నైలో మాకు పసుపుపచ్చది గట్టిది, నల్లది మెత్తది. అక్క వచ్చి చూసి, ఒకే అరలోంచి రెండు పసుపు ప్యాడ్లు తీసింది. నన్ను కళ్ళు మూసుకోమని చెంపలకి చెరొకటీ అదిమింది. ఒకటి గరుగ్గా తగిలింది, రెండోది వెన్నలా ఉంది. "రెండూ పసుపే గదక్కా?" అన్నాను. "కంపెనీకొక రంగు పెట్టుకుంటాడు అబ్బయా, వాడి ఇష్టం వాడిది. నీ చెంప మాత్రం ఒకటే గదా!" అంది. ఆరోజు సాయంత్రం దాకా నేను సర్దిన అరలన్నీ నాచేతే మళ్ళీ సర్దించింది.

ఆమె పద్ధతి ఒకటే. ఏ కారు వచ్చినా ముందు అరచెయ్యంత చోటు ఎంచుకునేది. అక్కడ అన్నిటికంటే మెత్తటి ప్యాడ్‌తో, పలచటి పాలిష్‌తో రుద్ది చూసేది. గీతలు పోకపోతే కాస్త గట్టిది, అప్పటికీ పోకపోతే ఇంకాస్త గట్టిది. నాకు ఒళ్ళు మండేది. పోవాల్సిన గీతని ఇంత బతిమాలడం ఎందుకు? గట్టి ప్యాడ్ ఒక్కటి పెడితే గంటలో అయిపోయే పని. ఆ మాటే ఒకసారి పైకి అనేశాను. "కారు మీది పూత నీ జుట్టు కాదురా, కత్తిరిస్తే మళ్ళా పెరగడానికి. తీసినదాన్ని మళ్ళా పెట్టగలవా నువ్వు?" అంది. పెట్టలేను. అయినా లోపల ఒప్పుకోలేదు. నేను ఒప్పుకున్నది మా బావ చేసిన ఘనకార్యం వల్ల.

మా సొంత అక్క నెల్లూరు ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది. వేసవిలో చేపల వేట మీద పెట్టే నిషేధం ఇంకొన్నాళ్ళలో ముగుస్తుందనగా, బోట్లన్నీ ఒడ్డునే ఉన్న రోజులు. మా బావ పోలయ్య రాఘవయ్యగారి బోటులో పనిచేసేవాడు. రాఘవయ్యగారు కొత్త బోటు కట్టిస్తున్నారు, దాన్ని నడపడం బావ చేతికే ఇస్తానని మాటిచ్చారు. అప్పటిదాకా ఇంకొకరి వెనక నిలబడి వల లాగిన మనిషికి అది ఎంత పెద్ద మాటో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన తీర్థయాత్రకి వెళ్తూ, "బాలింతని ఆటోలో కుదిపి తీసుకురాబాక, నా కారు తీసుకుపో" అని తాళాలు కూడా ఇచ్చారు. ముదురు నీలం కారు, ఆయనకి ప్రాణం.

బావ జాగ్రత్తగా నడిపి తల్లీబిడ్డల్ని మా ఇంటికి చేర్చాడు. మా అమ్మ సంతోషం పట్టలేక, మనవరాలికి దిష్టి తీసిన చేత్తోనే కారు బానెట్‌కి నిండా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. ఎండకి అది అట్టకట్టి అతుక్కుపోయింది. ఓనరుకి కారు శుభ్రంగా ఇవ్వాలని మర్నాడు పొద్దున్నే బావ కడగడానికి కూర్చున్నాడు. మా ఊళ్ళో పాత నైలాన్ వల ముక్కతో తోమనిది ఏదీ లేదు. గిన్నెలు, బోటు పక్కలు, గడపలు, చిన్నప్పుడు మా వీపులు కూడా. బావ ఆ వల ముక్కే తీసుకుని, అడుగున ఇసుక ఉన్న బకెట్టు నీళ్ళతో బానెట్‌ని బోటు తోమినట్టు తోమాడు. పసుపు పోయింది. నీళ్ళు ఆరాక చూస్తే బానెట్ అంతా గీతలే.

ఆ పొద్దున్నే కారుతో మా షెడ్డుకి వచ్చాడు. "సాయంత్రానికి వచ్చేస్తాడు శీనా. లంగరు పోగొట్టి చెప్పలేదని పోయినేడు ఒకణ్ణి బోటు దించేసినాడు. నా కొత్త బోటు పోయినట్టే" అన్నాడు. నేరుగా వెళ్ళి అన్నిటికంటే గట్టి ప్యాడ్ మిషన్‌కి తగిలించాను. పెంచలమ్మక్క దాన్ని ఊడబీకి, బానెట్ అంచుల్ని వెలుతురులో వంగి చూసింది. "దీన్ని ఇంతకుముందే ఎవడో బాగా రుద్దినాడు. అంచున పూత పలచబడి ఉండాది" అంది. అరచెయ్యంత చోట మెత్తటి ప్యాడ్‌తో మొదలుపెట్టింది. మెరుపు వచ్చింది గానీ గీతలు పోలేదు. మధ్యరకం ప్యాడ్ తీసి మళ్ళీ రుద్దింది. పోయాయి! బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అక్కడినుంచి ఇద్దరం ఊపిరి బిగబట్టి చేశాం. ప్యాడ్ పాలిష్‌తో నిండిపోతే బ్రష్షుతో దులిపి, వేడెక్కితే పక్కనపెట్టి ఇంకోటి. ఒక ప్యాడ్ నా చేతిలోంచి జారి కింద పడింది. తుడిచి తగిలించబోతే అక్క లాక్కుని మూలకి విసిరేసింది, ఇసుక అంటిన ప్యాడ్‌తో వల చేసిన పనే మళ్ళీ చేస్తావా అని. చివరికి మెత్తటిదానితో మెరుగు పెట్టాక బానెట్‌లో మా ముగ్గురి మొహాలూ కనపడ్డాయి. బావ దణ్ణం పెట్టబోయాడు. "ఉండు, ఇంకా నవ్వబాక" అని అక్క స్పిరిట్ చల్లి తుడిచింది. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి వాటిని దాస్తుంది, స్పిరిట్‌తో తుడిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ముందు అంచున చిటికెన వేలంత గీత ఒకటి పైకి తేలింది.

నేను మళ్ళీ గట్టి ప్యాడ్ అందుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ పూత ఎంత మిగిలిందో నీకు తెలుసా? నాకు తెలుసా? తెగితే బానెట్ మొత్తం రంగు కొట్టించాల. ఇక్కడితో ఆపుదాం." బావ నీరసంగా, "స్పిరిట్ తుడవకుంటే ఈ పూటకి కనపడేది కాదు గదక్కా" అన్నాడు. "ఈ పూటకి కనపడదు. నాలుగు సార్లు కడిగితే కనపడతాది. అప్పటికి నువ్వు కొత్త బోటు మీద ఉంటావు. అప్పుడు దించితే ఎంత సిగ్గు?" అంది ఆమె. బావకి రోషం వచ్చింది. అది ముందునుంచే ఉండిందంటాను, కాదంటే గట్టిగా నిలబడి వాదిస్తాను, అన్నాడు. అక్క నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "బావా బామ్మర్దులు ఇద్దరూ ఒకటే. ఎత్తుకోవడమే గట్టి ప్యాడ్! ముందు మెత్తంగా ఉన్నది ఉన్నట్టు చెప్పి చూడు. పని కాకుంటే అప్పుడు తీద్దువులే నీ గట్టిది." షెడ్డుకి తాళం వేసి, ఆ నాడాల చొక్కాతోనే వెనక సీటులో ఎక్కి కూర్చుంది. తాను చేసిన పనిని తానే అప్పజెప్పాలట.

మేం ఊరు చేరేసరికి రాఘవయ్యగారు అప్పుడే ఇంటికి వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు. బావ ఎదురుగా నిలబడి పసుపు, వల, ఇసుక, షెడ్డు అన్నీ చెప్పాడు. గీత ఉన్న చోటికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగారు. అంతసేపు ఎవరూ ఒక గీతని చూడగా నేను చూడలేదు.

"వలతో తోమినావా?"

"తోమినాను."

"బోటు తోమినట్టు?"

"అవును."

ఆయన నడుం పట్టుకుని పైకి లేచారు. "నా పెళ్ళాం నా కళ్ళజోడు తోమింది దాంతోనే. ఇదో, ఈ అద్దంలో నాకు సగం ఊరు కనపడదు" అని నవ్వారు. తరవాత బావ భుజం మీద చెయ్యి వేసి, "బిడ్డ ఎట్టుండాది?" అని అడిగారు. మా బావ, తుపానులో కూడా కన్ను తడవని మనిషి, అక్కడే నిలబడి ఏడ్చేశాడు. నా ఒంట్లోంచి పెద్ద బరువేదో దిగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెంచలమ్మక్క చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. ఆమె నోట మాట లేకపోవడం నేను చూడటం అదే మొదలు. నెల్లూరు దీపాలు కనపడ్డాక మెల్లగా, "నా కాళ్ళు వణికినాయిరా అబ్బయా. ఆయన తిట్టుంటే నీ బావ బతుకు నేనే చెడగొట్టినదాన్ని అయ్యుందును" అంది. అంత ధీమాగా మాట్లాడిన మనిషికి కూడా భయం ఉంటుందని తెలిసి నాకు ఆమె మీద ప్రేమ ఇంకా పెరిగింది.

వేట మొదలయ్యాక బావ కొత్త బోటు ఎక్కాడు. ఇప్పటికీ దాని మీదే ఉన్నాడు. రాఘవయ్యగారు ఆ కారు అమ్మలేదు, ఆ గీతకి రంగు వేయించనూలేదు. ఎవరైనా అడిగితే, "అది మా పోలయ్య కూతురు పుట్టినప్పటిది, ఉండనీ" అంటారట. పెంచలమ్మక్క కొన్నేళ్ళ కిందట జబ్బుచేసి పోయింది. ఆమె లేదన్న బెంగ నాకు ఇంకా తీరలేదు. కానీ ఆమె దగ్గర పని నేర్చుకున్నానన్న నిశ్చింత మాత్రం నాతోనే ఉంది.

ఇప్పుడు నా షెడ్డులో కారు అప్పజెప్పేటప్పుడు, పోని గీతలు ఏవైనా ఉంటే ముందు వాటి దగ్గరికే తీసుకెళ్తాను. తిట్టేవాళ్ళు ఉన్నారు, మళ్ళీ రానివాళ్ళూ ఉన్నారు. ఎదుటి మనిషి వంగి చూస్తున్న ఆ కాసేపు ఇప్పటికీ నాకు భయంగానే ఉంటుంది. కానీ అలా వంగిన మనిషి లేచి, బిడ్డ ఎట్టుండాది అని అడగడం నేనొకసారి విన్నాను. అందుకే చూపించేస్తాను.