కేలాంగ్ కోసం మూటగట్టిన సున్నం

మా అత్తమ్మ శాంతమ్మకు భర్త సమాధి ఎక్కడుందో తెలుసు గాని, దాన్ని ఎన్నడూ చూడలేదు. హిమాచల్‌లో కేలాంగ్ అనే ఊరి కింద, నది ఒడ్డున, రోడ్డు పక్కన. కొండల్లో రోడ్లు వేసే పనికి పోయిన మా మామ మంచుచరియ కింద పడి చనిపోయేనాటికి నా ఇల్లాలు రత్నమ్మ రెండేండ్ల పిల్ల. తోటి కూలీలు అక్కడే పాతిపెట్టి, గుర్తులు చెప్పి జాబు రాశారు. అప్పటి నుంచి ఏటా ఈస్టర్ ముందురోజు ఉప్పల్ సమాధుల దొడ్డిలో అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం కొడుతుంటే, అత్తమ్మ బకెట్ పట్టుకొని పక్కవాళ్లకు సాయం చేస్తుంది. ఆమెకంటూ కొట్టుకోవడానికి అక్కడ ఒక్కటీ లేదు. నేనేమో ఆ దొడ్డి గేటు ముందు నిలబడి, సున్నం కొట్టిన సమాధి పైకే తెలుపు, లోపలంతా కుళ్లేనని గొంతు చించుకొని ప్రసంగించేవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసి మల్లాపూర్‌లో లేత్ మెషీన్ మీద బతికే నాకు బైబిలు వాక్యం తప్ప వేరే చదువు లేదు. ఈ ఏడు దవాఖానాలో డాక్టరు అత్తమ్మకు ఒక కన్ను పోయిందని, రెండోది కూడా ఎక్కువ కాలం నిలవదని చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె నన్ను పిలిచి, "చూపుండంగనే ఒక్కసారి చూపియ్యి అయ్యా" అన్నది. పెండ్లయిన ఇరవై ఏండ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

అక్టోబరు మొదట్లో బయలుదేరాం. బందులు, రైల్ రోకోల కాలం కాబట్టి బండి కదిలేదాకా నమ్మకం లేదు. గురువారం తెల్లవారుజామున నాచారం నుంచి సికింద్రాబాద్‌కు ఆటోలో నూట ఇరవై అయింది. ఢిల్లీకి స్లీపర్ టికెట్ మనిషికి ఐదొందల లోపే, ప్రయాణం ఇరవయ్యేడు గంటలు. కాజీపేట దాటాక అత్తమ్మ మా మామ రాసిన ఆఖరి జాబును చూడకుండానే అప్పజెప్పింది. పని పెద్ద కష్టం కాదని, రోడ్డు అంచు రాళ్లకు సున్నం కొడుతున్నానని, పొగమంచులో లారీలవాళ్లకు దారి కనబడాలని అందులో ఉంది. వింటూనే ఇంటర్ చదివే మా కూతురు కీర్తన తిండి కోసం సామాన్లు పెట్టిన బియ్యం సంచి విప్పి, లోపలి నుంచి అత్తమ్మ గుడ్డలో కట్టి దాచిన సున్నం గడ్డలు, ఒక కుంచె బయటకు తీసింది.

"డాడీ, ఇగ నీ ప్రసంగం షురూ" అని నవ్వింది.

నిజంగానే షురూ చేశాను. నాగ్‌పూర్ రాకముందే కిటికీలోంచి పారేస్తానన్నాను. రత్నమ్మ నెమ్మదిగా, "ముందుగాల నన్ను పారెయ్యి, తర్వాత దాన్ని పారేద్దువుగాని" అని మూట మళ్లీ కట్టేసింది.

శుక్రవారం పొద్దున ఢిల్లీ, సాయంత్రం ఐదున్నరకు మనాలీ బస్సు. టికెట్ ఐదొందల యాభై. పదహారు గంటలు పట్టింది. మండీ దాటినాక మలుపులకు కీర్తన నాలుగుసార్లు వాంతి చేసుకుంది, నా నడుము నాది కాకుండా పోయింది. డెబ్బై ఏండ్ల అత్తమ్మ మాత్రం ముందు సీటు కమ్మీ పట్టుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. శనివారం దిగగానే జీపుల అడ్డాలో కేలాంగ్ డ్రైవర్ తాషీ దొరికాడు. సీటుకు మూడొందలు, ఏడు గంటల దారి, ఆదివారం పొద్దున ఆరుకే బయలుదేరుదామన్నాడు. ఆదివారం మాకు ఆరాధన దినమని, ప్రయాణం చేయమని, సోమవారం పోదామని చెప్పాను. అతను దారిలో దాటాల్సిన రోహ్‌తాంగ్ కనుమ వైపు చూసి, రేపు దారి ఉంటుందని, ఎల్లుండి సంగతి తాను మాటివ్వలేనని నాకు వచ్చిన దక్కనీ హిందీలోకి దిగి మరీ చెప్పాడు. నేను వినలేదు.

గదికి వచ్చాక రత్నమ్మ అన్నది: "గుంటల పడ్డ గొర్రెను విశ్రాంతి దినంనాడు గూడ తియ్యొచ్చని మొన్ననే చెప్పినవు గద."

ప్రసంగం వేరు, ప్రయాణం వేరు అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గదిలో రెండు గంటలు ఆరాధన చేశాను. అత్తమ్మ కిటికీ దగ్గర కూర్చొని, తలమీద కొంగు కప్పుకొని, నా వైపు కాకుండా కొండ వైపు తిరిగి అంతా విన్నది. చీకటి పడేసరికి మబ్బు దిగింది.

సోమవారం ఐదున్నరకు బయలుదేరాం. ముప్పై ఐదు కిలోమీటర్లు ఎక్కి కనుమ కింద మఢీ అనే మజిలీ చేరేసరికి ముప్పై బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. కనుమ మీద రాత్రంతా మంచు పడింది, తెరవడానికి మూడు నాలుగు రోజులు పడుతుందన్నారు. మాకు బుధవారం ఢిల్లీలో బండి, గురువారంతో నా సెలవు ఆఖరు. ధాబా వంటాయన రాజ్మా అన్నం పెడుతూ, నిన్న సాయంత్రం దాకా బండ్లు హాయిగా పోయాయని చెప్పాడు. ప్లేటు యాభై.

అత్తమ్మ దిగి, కేలాంగ్ ఏ దిక్కని అడిగింది. తాషీ ఆమె భుజాలు పట్టుకొని మెల్లగా తిప్పి, అక్కడ, ఆ తెల్లటి గోడ వెనక, ఇంకా ఎనభై కిలోమీటర్లన్నాడు. ఆమె చాలాసేపు అటే చూసింది. ఆ కంటికి ఏం కనబడిందో నాకు తెలియదు. తర్వాత చెయ్యి చాచి తడుముకుంటూ రోడ్డు అంచుకు నడిచింది. లోయ వైపు వరసగా నిలబెట్టిన రాళ్లు చేతికి తగిలాయి. పాత సున్నం పొలుసులుగా ఊడింది.

"గివి ఆయన కొట్టిన రాళ్లేనా?"

తాషీ కాదనలేదు, అవుననలేదు. ఏటా మంచు కరిగినాక ఎవరో ఒకరు మళ్లీ కొడతారు అమ్మాజీ అన్నాడు. ఆమె మూట తెప్పించింది. ధాబా నుంచి ఖాళీ డబ్బా అడిగి, సున్నం గడ్డలు వేసి, వేడినీళ్లు పోయించి, పైన పిడికెడు మంచు వేసింది. సున్నం బుసబుసమని ఉడికి ఆవిరి లేచింది. ఆ ఆవిరి మీద చేతులు కాచుకుంది. మొదటి రాయికి కుంచె పెడితే సగం గాలిలోనే పోయింది, అంచు కనబడక. నేను ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"తే అత్తా, నేను కొడతా."

"పైపూత అంటివి గద అయ్యా" అన్నది. దెప్పడానికి కాదు, కొంచెం నవ్వుతూనే.

ఆమె చేతిలోంచి కుంచె తీసుకున్నాను. కొడుతూ పోయాను. ఆమె వెనక నుంచి ఒక్కో రాయినీ తడిమి, వదిలేసిన చోటు చూపించింది. ఏడు రాళ్లకు సున్నం సరిపోయింది. ఒక గడ్డ మిగిలితే, దారి తెరిచినాక సమాధికి తాను పూస్తానని తాషీ చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. "నేనే వస్త బిడ్డా" అని కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి నెల దాటింది. బైబిల్లో, పరాయి దేశంలో చనిపోబోతూ, తన ఎముకలను సొంత నేలకు తీసుకుపొమ్మని తనవాళ్లతో ప్రమాణం చేయించుకున్న పెద్దాయన మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ ఎముకల కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. అత్తమ్మ రోజూ సాయంత్రం కీర్తనను ఇంటర్నెట్‌లో రోహ్‌తాంగ్ తెరిచారేమో చూడమంటుంది. వేసవి దాకా తెరవరని తెలిసీ కీర్తన చూస్తుంది. కిటికీ గూట్లో పెట్టిన సున్నం గడ్డ నాచారం గాలికి మెల్లగా పగిలి పొడి అవుతోంది. కుంచె మాత్రం నేనే కడిగి ఆరబెట్టి పెట్టాను.

అటు పోయేవాళ్లకు ఒక్క మాట: అక్టోబరులో మనాలీ చేరినప్పుడు ఆకాశం తేటగా ఉంటే ఆగకండి, దొరికిన మొదటి బండి ఎక్కి కనుమ దాటండి. ఆదివారమైనా సరే. ఆరాధన అవతల చేసుకోవచ్చు.